మీ ప్రశ్నలు, మా జవాబులు: లండన్ బరోల్లో ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు?

2026 మే 7న లండన్‌లోని 32 బరోలకీ, అంటే నగరంలోని స్థానిక పాలన విభాగాలకి, కౌన్సిల్ ఎన్నికలు ఉన్నాయి. అక్కడ ఇళ్లకి కరపత్రాలు రావడం మొదలైనట్టుంది. ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లండన్‌లో ఉంటున్న మన వాళ్లవి, లేదంటే వాళ్ల అమ్మానాన్నలవి. చాలామంది అడిగింది ఒకటే, కిందటిసారి అంటే 2022 మే 5న అసలేం జరిగిందని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. లండన్ సంగతి తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. బయటి నుంచి చూస్తే అది ఒకే మహానగరం, కానీ చెత్త ఎత్తడం దగ్గర్నుంచి ఇళ్ల ప్లాన్లకి అనుమతి ఇవ్వడం దాకా ఏ బరోకి ఆ బరో కౌన్సిలే చూసుకుంటుంది, కౌన్సిలర్లందరినీ నాలుగేళ్లకోసారి ఒకేరోజు ఎన్నుకుంటారు.

ప్ర: మేం హారోలో ఉంటాం. 2022లో టీవీ పెడితే లండన్ అంతా లేబర్ గెలిచిందన్నారు, మా హారోలో మాత్రం కన్జర్వేటివ్‌లు వచ్చారు. మావారేమో ‘అదంతా కశ్మీర్ గొడవ వల్లే’ అని తేల్చేశారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హారో

జ: ముందు లెక్క చూద్దాం. 2022లో హారోలో 55 సీట్లకి కన్జర్వేటివ్‌లకి 31, లేబర్‌కి 24 వచ్చాయి, మూడో పార్టీకి ఒక్కటీ రాలేదు. అంతకుముందు 2018లో లేబర్‌కి 35, కన్జర్వేటివ్‌లకి 28. ఈ రెండు ఫలితాల్నీ పక్కపక్కన పెట్టి ‘లేబర్ 11 సీట్లు పోగొట్టుకుంది’ అని లెక్కేయకండి, ఎందుకంటే మధ్యలో వార్డుల హద్దులు మార్చారు, మొత్తం సీట్లే 63 నుంచి 55కి తగ్గాయి. పోల్చాల్సింది అధికారం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందన్నది. అది స్పష్టంగానే మారింది.

అదే రోజు మిగతా లండన్‌లో జరిగింది చూస్తే హారో ఎంత విడిగా నిలబడిందో అర్థమవుతుంది. వాండ్స్‌వర్త్ 1978 నుంచి కన్జర్వేటివ్‌ల చేతిలోనే ఉంది, తక్కువ పన్ను వేసే కౌన్సిల్‌గా దేశమంతా పేరు, అది లేబర్‌కి వెళ్లిపోయింది. వెస్ట్‌మిన్‌స్టర్ అయితే 1964లో ఆ కౌన్సిల్ పుట్టినప్పటి నుంచి లేబర్ ఎన్నడూ గెలవని చోటు, అక్కడ లేబర్‌కి 31, కన్జర్వేటివ్‌లకి 23 వచ్చాయి. హారోని ఆనుకునే ఉన్న బార్నెట్ కూడా లేబర్‌కే పోయింది, 41కి 22. అప్పుడు ప్రధాని బోరిస్ జాన్సన్, కరోనా ఆంక్షల కాలంలో ఆఫీసులో విందుల వ్యవహారానికి పోలీసులు ఆయనకి జరిమానా వేసి నెల కూడా కాలేదు, దేశమంతా ఆ పార్టీ మీద కోపంగా ఉంది. అలాంటి రోజున హారో ఎదురు తిరిగింది.

ఇక మీవారు చెప్పిన కారణం. అందులో అసలు నిజం లేదని నేననను. 2019 సెప్టెంబర్‌లో లేబర్ పార్టీ మహాసభ కశ్మీర్ మీద ఒక తీర్మానం చేసింది, దాని మీద బ్రిటన్‌లోని భారతీయ సంఘాలు గట్టిగానే మండిపడ్డాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం హారోలో హిందువులు 25.8 శాతం, ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో ఇంతకన్నా ఎక్కువ శాతం ఉన్న కౌన్సిల్ ఇంకొకటి లేదు. కాబట్టి ఆ తీర్మానం ప్రభావం ఎంతో కొంత ఉండే ఉంటుంది. కానీ ఓటరుని ఒక్క కారణంతో కట్టేయడం నాకు నచ్చదు. 2020లో కరోనా సమయంలో హారో కౌన్సిల్ కొన్ని వీధుల్లోకి కార్లు రాకుండా తొట్లూ స్తంభాలూ పెట్టి అడ్డం కట్టింది, జనం గోల పెడితే మరుసటి ఏడాది తీసేసింది. కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇళ్ల మీద కౌన్సిల్ వేసే పన్ను, ఏటా పెరుగుతూ వచ్చింది. కన్జర్వేటివ్‌లు మొదటి గంట ఉచిత పార్కింగ్ లాంటి చిన్నచిన్న, చేతికందే హామీలు ఇచ్చారు. కూరగాయల కోసం దుకాణాల వీధికి వెళ్లి పది నిమిషాలకి పార్కింగ్ డబ్బులు కట్టే మనిషికి ఆ హామీ ఎంత దగ్గరగా వినిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం కూడా ఉంది. 2024 జులై సార్వత్రిక ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు దేశమంతా కుప్పకూలారు కదా, ఆ రోజు దేశం మొత్తంలో ఆ పార్టీ అభ్యర్థికి సగానికి మించి ఓట్లు పడిన పార్లమెంటు స్థానం ఒకే ఒక్కటి, హారో ఈస్ట్. పక్కనే ఉన్న హారో వెస్ట్‌లో లేబర్ గెలిచింది. ఒకే బరోలో రోడ్డుకి ఈవైపు ఒకలా, ఆవైపు ఒకలా! అందుకే జాతీయ పార్టీ మీద కోపమో ప్రేమో చూసి బరో ఫలితాన్ని ఊహించేవాళ్లు తరచూ బోల్తా పడతారు. మీ వార్డులో కిందటిసారి ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో హారో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వార్డులవారీగా ఉంటుంది, మీరూ మీవారూ ఒకసారి కూర్చుని చూడండి, టీవీలో దొరకని జవాబులు చాలా అక్కడ దొరుకుతాయి.

ప్ర: మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2022 ఎన్నికల్లో తాను మూడు ఓట్లు వేశానని ఫోన్‌లో చెప్పాడు. నాకు భయం వేసింది. దొంగ ఓట్లు కాదు కదా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జ: భయపడకండి సార్, మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు.

మన దగ్గర ఒక డివిజన్‌కి ఒకే కార్పొరేటర్. లండన్‌లో ఎక్కువ వార్డులకి ఇద్దరు లేదా ముగ్గురు కౌన్సిలర్లు ఉంటారు. ముగ్గురున్న వార్డులో ఓటరు ఒకే బ్యాలెట్ పేపర్ మీద ముగ్గురి పేర్ల పక్కన ఇంటూ మార్కు పెట్టొచ్చు. ముగ్గురూ ఒకే పార్టీ వాళ్లు కానక్కర్లేదు, ఇద్దరికే వేసి ఊరుకోవచ్చు, ఒక్కరికే వేసినా ఆ ఓటు చెల్లుతుంది. నాలుగు పెడితే మాత్రం పేపర్ మొత్తం చెల్లదు. అక్కడ యంత్రాలు లేవు, వేలికి సిరా లేదు, బూత్‌లో దారంతో కట్టిన పెన్సిల్ ఉంటుంది. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ జీహెచ్ఎంసీ ఎన్నికలు కూడా కరోనా వల్ల పేపర్ బ్యాలెట్‌తోనే జరిగాయి, గుర్తుందా? లెక్కింపుకి ఎంత సేపు పట్టిందో చూశాం. అలాంటిది ఒక్కో పేపర్ మీద మూడు ఓట్లు, అవీ వేర్వేరు పార్టీలకి పడి ఉంటే, ఒక్కో పేపరూ చదివి పెద్ద షీట్ల మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాలి. కొన్ని బరోల ఫలితాలు మరుసటి రోజు సాయంత్రానికో, ఆ తర్వాతి రోజుకో గాని రాకపోవడానికి ఇదొక కారణం.

దీనివల్ల ఇంకో తమాషా కూడా జరుగుతుంది. బ్యాలెట్ మీద పేర్లు పార్టీల వారీగా ఉండవు, ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. ఒకే పార్టీ నుంచి ముగ్గురు నిలబడితే పైనున్న పేరుకి కాస్త ఎక్కువ, కిందనున్న పేరుకి కాస్త తక్కువ ఓట్లు పడుతుంటాయని అక్కడి పరిశోధకులు చాలాసార్లు గమనించారు. గట్టి పోటీ ఉన్న వార్డులో ఆ కొద్ది తేడాకే ఒక పార్టీ వాళ్లిద్దరు గెలిచి మూడోవాళ్లు ఓడిపోతారు. ఓట్లు సమానంగా వస్తే చీటీ తీస్తారు, అది మన దగ్గరా ఉంది.

ప్ర: నేను నర్సుని, వర్క్ వీసా మీద ఈస్ట్ హామ్‌లో ఉంటున్నాను. ఇండియన్ పాస్‌పోర్టే. ఇంటికి ఓటర్ల నమోదు కాగితం వస్తే మా ఆయన చించేశారు. ‘మనం ఇక్కడి పౌరులం కాదు, ఓటేస్తే రేపు వీసాకి ఇబ్బంది వస్తుంది’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఈస్ట్ హామ్

జ: నమోదు చేసుకోండమ్మా. ఈ ఒక్క జవాబు చదివి మిగతా శీర్షిక వదిలేసినా నాకు బాధ లేదు.

బ్రిటన్‌లో ఓటు హక్కు బ్రిటిష్ పౌరులకే పరిమితం కాదు. అక్కడ నివసిస్తూ, ఉండడానికి సరైన అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులకి కూడా ఉంది, భారతదేశం కామన్వెల్త్‌లో ఉంది. వర్క్ వీసా అయినా, స్టూడెంట్ వీసా అయినా, డిపెండెంట్ వీసా అయినా ఒకటే, 18 ఏళ్లు నిండాలి అంతే. ఒక్క కౌన్సిల్ ఎన్నికలకే కాదు, పార్లమెంటు ఎన్నికలకి కూడా ఇదే నియమం. ఒకప్పుడు సామ్రాజ్యంలోని వాళ్లందరినీ రాజుగారి ప్రజలుగా లెక్కేసిన చట్టం నుంచి మిగిలిన హక్కు ఇది. మన తాతముత్తాతలు అడక్కుండానే ఆ ప్రజల జాబితాలో చేరిపోయారు, పన్నులు కట్టారు, యుద్ధాలకి వెళ్లారు. ఆ చరిత్ర నుంచి మీ చేతికి మిగిలిన ఒక మంచి వస్తువుని చెత్తబుట్టలో వేయకండి.

చట్టం ఇచ్చిన హక్కుని వాడుకున్నందుకు వీసాకి ఏ ఇబ్బందీ రాదు. పైగా నమోదు కాగితానికి జవాబివ్వకపోతేనే తప్పు, అర్హత ఉండీ, కౌన్సిల్ పదేపదే అడిగినా నమోదు చేసుకోకపోతే జరిమానా పడొచ్చు. నమోదు ఆన్‌లైన్‌లో అయిపోతుంది, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. పోలింగ్‌కి 12 పని దినాల ముందు గడువు ముగుస్తుంది, అక్కడిదాకా ఆగకుండా ఈ వారమే చేసేయండి. ఓటర్ల జాబితాలో పేరుంటే మీ క్రెడిట్ రికార్డుకి కూడా మంచిది, రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగినప్పుడు పనికొస్తుంది. మీ ఆయనకి ముందు ఈ మాట చెప్పి చూడండి.

2022లో వేసినట్టు ఊరికే వెళ్లి పేరు చెప్తే ఇప్పుడు కుదరదు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రంలో ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపించాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, అక్కడి డ్రైవింగ్ లైసెన్స్ చెల్లుతుంది. జిరాక్స్, ఫోన్‌లో తీసిన ఫొటో చెల్లవు. పోలింగ్ గురువారం, సెలవు ఇవ్వరు, కానీ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది. మీది షిఫ్టుల ఉద్యోగం కాబట్టి పోస్టల్ ఓటుకి దరఖాస్తు పెట్టుకోవడం ఇంకా మేలు.

మీరుండే న్యూహామ్ బరోలో 2022లో 66 సీట్లకి లేబర్‌కి 64, గ్రీన్ పార్టీకి 2 వచ్చాయి. అది చూసి ‘ఎలాగూ వాళ్లే గెలుస్తారు, నా ఓటుతో ఏమవుతుంది’ అనిపించవచ్చు. 2018లో అక్కడ ఉన్న 60కి 60 లేబర్‌వే. ఆ తర్వాత నాలుగేళ్లకి ఒక్క వార్డులో జనం మనసు మార్చుకుంటేనే కౌన్సిల్లో ప్రశ్నలు వేసేవాళ్లు ఇద్దరు వచ్చారు. లండన్ మొత్తం మీద 2022లో ఓటేసినవాళ్లు మూడో వంతుకి కాస్త ఎక్కువ మాత్రమే, అంత తక్కువ మంది ఓటేసే చోట ఒక అపార్ట్‌మెంట్ బ్లాకులోని మన వాళ్లంతా కదిలితే ఆ వార్డు అభ్యర్థులకి కచ్చితంగా తెలుస్తుంది.

ప్ర: మాది క్రాయిడన్. కౌన్సిల్ దివాలా తీసిందన్నారు, ఒక్కసారే 15 శాతం పన్ను పెంచారు. పెంచింది కన్జర్వేటివ్ మేయర్, కౌన్సిల్లో ఎక్కువ సీట్లు లేబర్‌కి. అసలు 2022లో మేం గెలిపించింది ఎవర్ని? ఎవర్ని నిలదీయాలి?
– ఒక పాఠకుడు, క్రాయిడన్

జ: మీ కోపంలో న్యాయం ఉంది. జరిగింది మొదటి నుంచీ చెప్పుకుంటే గాని ఎవర్ని నిలదీయాలో తేలదు.

2018లో క్రాయిడన్‌లో 70 సీట్లకి లేబర్‌కి 41 వచ్చాయి. ఆ కాలంలోనే కౌన్సిల్ భారీగా అప్పులు చేసి ఆస్తులు కొంది, ఇళ్లు కట్టడానికి ‘బ్రిక్ బై బ్రిక్’ అని సొంత కంపెనీకి డబ్బు పోసింది, దాదాపు 3 కోట్ల పౌండ్లు పెట్టి ఒక హోటల్ కొంది, ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే కళా ప్రాంగణం మరమ్మతుల ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు దాటిపోయింది. దానికి కరోనా తోడైంది. 2020 నవంబర్‌లో కౌన్సిల్ ఆర్థిక అధికారి సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు. మామూలు మాటల్లో దివాలా అంటున్నది దాన్నే, చట్టప్రకారం తప్పనిసరి సేవలకి తప్ప కొత్తగా పైసా ఖర్చు పెట్టడానికి లేదని దాని అర్థం.

జనానికి ఎంత విసుగొచ్చిందంటే 2021 అక్టోబర్‌లో రెఫరెండం పెడితే ‘కౌన్సిలర్లు ఎన్నుకునే నాయకుడు వద్దు, మేయర్‌ని మేమే నేరుగా ఎన్నుకుంటాం’ అని 80 శాతం మంది ఓటేశారు. లండన్‌లో అలాంటి మేయర్లు ఉన్నవి ఐదు బరోలే: హాక్నీ, లూయిషామ్, న్యూహామ్, టవర్ హామ్లెట్స్, ఇప్పుడు మీ క్రాయిడన్. అంటే 2022 మే 5న మీరు వేసింది రెండు వేర్వేరు ఓట్లు. మేయర్ ఓటులో కన్జర్వేటివ్ అభ్యర్థి జేసన్ పెర్రీ గెలిచారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక ఆరు వందల లోపు తేడాతో. కౌన్సిల్ ఓటులో లేబర్‌కి 34, కన్జర్వేటివ్‌లకి 33, గ్రీన్ పార్టీకి 2, లిబరల్ డెమోక్రాట్‌లకి 1, ఎవరికీ మెజారిటీ లేదు. నిర్ణయాలు తీసుకునే అధికారం మేయర్‌ది, బడ్జెట్‌కి మాత్రం కౌన్సిల్ ఆమోదం కావాలి.

ఇక పన్ను. మామూలుగా ఏ కౌన్సిలైనా ఏడాదికి 5 శాతం గాని, అంతకు మించి గాని పెంచాలంటే ప్రజల ఓటు అడగాలి. 2023లో కేంద్ర ప్రభుత్వం క్రాయిడన్‌కి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చి 14.99 శాతం దాకా పెంచుకోనిచ్చింది. మేయర్ బడ్జెట్‌ని కౌన్సిల్ మొదట తిప్పికొట్టింది, వారం తర్వాత లేబర్ సభ్యులు తటస్థంగా ఉండటంతో అది గట్టెక్కింది. అప్పు చేసింది ఒక పార్టీ కాలంలో, బిల్లు పంపింది ఇంకో పార్టీ మేయర్, పంపనిచ్చింది అప్పటి కన్జర్వేటివ్ ప్రభుత్వం, అడ్డుపడగలిగి కూడా చివరికి పక్కకి తప్పుకుంది లేబర్. ఇందులో చేతులు కడుక్కున్నవాళ్లు ఎవరూ లేరు. నష్టపోయింది మాత్రం లైబ్రరీ గంటలు తగ్గి, వృద్ధులకి సాయం తగ్గి, పన్ను పెరిగిన మీ లాంటి ఇళ్లు. 2025లో ప్రభుత్వం కమిషనర్లని కూడా పంపింది, ముఖ్యమైన నిర్ణయాల మీద వాళ్ల అజమాయిషీ ఉంటుంది.

నిలదీయాల్సింది ఎవర్నంటే, ఓటు అడగడానికి వచ్చిన ప్రతి ఒక్కర్నీ. ‘పన్ను తగ్గిస్తాం’ అనేవాళ్లని అప్పు మీద వడ్డీకి ఏటా ఎంత కడుతున్నారో, అది ఎక్కణ్నుంచి తెస్తారో అడగండి. సంఖ్య చెప్పలేని అభ్యర్థి సిద్ధంగా లేనట్టే. ఇంకో సంగతి, మేయర్ ఎన్నికలో ఈసారి రెండో ప్రాధాన్య ఓటు ఉండదు, చట్టం మార్చారు, ఒక్కరికే ఓటు, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే మేయర్. కిందటిసారి ‘మొదటిది నా మనసుకి, రెండోది గెలిచేవాళ్లకి’ అని వేసినవాళ్లు ఈసారి ముందే ఆలోచించుకోవాలి.

ప్ర: డాక్టర్ అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత గాని దొరకడం లేదు. ఈసారి కౌన్సిలర్‌ని ఓడించి తీరతాం.
– ఒక పాఠకుడు, హౌన్‌స్లో

జ: డాక్టర్లు ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, కింద ఉంటారు, కౌన్సిల్ చేతిలో లేరు. పోలీసులూ, ట్యూబ్ రైళ్లూ, ఎర్ర బస్సులూ కూడా కౌన్సిల్‌వి కావు. చెత్త, వీధి లైట్లు, పార్కింగ్, పార్కులు, లైబ్రరీలు, ఇంటికి ఎక్స్‌టెన్షన్ కట్టుకోవడానికి అనుమతి, కౌన్సిల్ ఇళ్లు, అనాథ పిల్లల బాధ్యత, వృద్ధుల సంరక్షణ ఇవీ కౌన్సిల్ పనులు. బడ్జెట్‌లో పెద్ద భాగం ఈ చివరి రెండింటికే పోతుంది, మన కంటికి అది కనిపించదు కాబట్టి ‘ఇంత పన్ను కట్టినా వీధి ఊడవరు’ అనిపిస్తుంది. మీ హౌన్‌స్లోలో కిందటిసారి 62కి 52 లేబర్‌వి, కాబట్టి ఈ పనుల్లో లోపం ఉంటే ఎవర్ని అడగాలో చాలా స్పష్టం. ఓడించండి, గెలిపించండి, అది మీ ఇష్టం, కాకపోతే వాళ్ల చేతిలో ఉన్న పనికి మార్కులు వేసి ఓడించండి.

ప్ర: మా లూయిషామ్‌లో 54 సీట్లూ ఒకే పార్టీకి వచ్చాయి. వేరే పార్టీలకి మా వీధిలోనే బోలెడు మంది ఓటేశారు. ఆ ఓట్లన్నీ ఏమైపోయాయి?
– ఒక విద్యార్థి, లూయిషామ్

జ: మంచి ప్రశ్న వేశావు బాబూ. ఆ ఓట్లు లెక్కలో ఉన్నాయి, సీట్లలో లేవు. ప్రతి వార్డులోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు, రెండో స్థానానికి ఏమీ దక్కదు. వార్డుకి ముగ్గురు సభ్యులుంటే ఒకే పార్టీ ముగ్గుర్నీ ఎగరేసుకుపోవడం మామూలే, అదే అన్ని వార్డుల్లో జరిగితే మీ లూయిషామ్ అవుతుంది. బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్‌లో కూడా 51కి 51 లేబర్‌వే. ఇది ఒక్క లేబర్ కథ కాదు, లండన్ నైరుతి వైపు రిచ్‌మండ్‌లో 54 సీట్లలో లిబరల్ డెమోక్రాట్‌లకి 48, గ్రీన్ పార్టీకి 5 పోగా కన్జర్వేటివ్‌లకి మిగిలింది ఒక్కటి.

స్కాట్లండ్‌లో కౌన్సిల్ ఎన్నికలకి 2007 నుంచి ప్రాధాన్య క్రమంలో అంకెలు వేసే పద్ధతి ఉంది, అక్కడ సీట్లు ఓట్లకి చాలా దగ్గరగా వస్తాయి. ఇంగ్లండ్‌లోనూ అది రావాలని నా గట్టి అభిప్రాయం. ప్రతిపక్షం లేని సభలో బడ్జెట్ మీద చర్చ ఎలా ఉంటుందో ఊహించుకో, పాలక పార్టీ సభ్యులు తమ నాయకుణ్ని తామే ప్రశ్నించాలి. కొందరు నిజాయితీగా ప్రశ్నిస్తారు కూడా, కానీ వచ్చేసారి టికెట్ ఇచ్చేది అదే నాయకత్వం కదా.

హైదరాబాద్ నుంచి ఇంకొకరు దీనికి దగ్గరి ప్రశ్నే అడిగారు, ఎవరికీ మెజారిటీ రాకపోతే ఏం చేస్తారని. జీహెచ్ఎంసీలో 2020లో 150 డివిజన్లకి టీఆర్ఎస్‌కి 56, బీజేపీకి 48, మజ్లిస్‌కి 44, కాంగ్రెస్‌కి 2 వచ్చినప్పుడు ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఎక్స్ అఫీషియో సభ్యులుగా మేయర్ ఎన్నికలో ఓటేయగలిగారు. ఇంగ్లండ్‌లో అలా ఉండదు, గెలిచిన కౌన్సిలర్లే తేల్చుకోవాలి. లండన్ బయట స్లౌలో 2023 మేలో 42 సీట్లకి కన్జర్వేటివ్‌లకి 21, లేబర్‌కి 18, లిబరల్ డెమోక్రాట్‌లకి 3 వచ్చాయి, ఆ ముగ్గురి మద్దతుతో కన్జర్వేటివ్‌లు పాలన చేపట్టారు. అదీ 2021లో సెక్షన్ 114 నోటీసు పడిన కౌన్సిలే.

ప్ర: నాకు ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో గడువు లేకుండా ఉండే అనుమతి) వచ్చింది, ఇంకా బ్రిటిష్ పౌరసత్వం తీసుకోలేదు. మా వార్డులో నిలబడాలని ఉంది. మన వాళ్లకి అవకాశం ఉంటుందా? డిపాజిట్ ఎంత కట్టాలి?
– ఒక పాఠకురాలు, హారో

జ: నిలబడొచ్చు. ఓటు వేయడానికి ఏ వీసా అయినా సరిపోతుంది గాని, పోటీ చేయాలంటే కామన్వెల్త్ పౌరులకి ఐఎల్‌ఆర్ ఉండాలి, మీకు ఉంది. ఆ బరోలో ఓటరై ఉండటమో, ఏడాదిగా అక్కడ నివసించడమో, ఉద్యోగం చేయడమో ఏదో ఒకటి ఉంటే చాలు. ఆ కౌన్సిల్లోనే ఉద్యోగం చేస్తుంటే మాత్రం కుదరదు. డిపాజిట్ లేదు, కౌన్సిల్ ఎన్నికకి ఒక్క పౌండ్ కూడా కట్టక్కర్లేదు. ఖర్చుకి పరిమితి ఉంది, అది కూడా చాలా తక్కువ, గెలిచినా ఓడినా లెక్క సమర్పించాలి.

అవకాశం సంగతంటారా? వాండ్స్‌వర్త్ కౌన్సిల్‌ని 2011 నుంచి 2022 దాకా నడిపింది రవి గోవిందియా అనే భారత సంతతి నాయకుడు. హారోలో గుజరాతీ కుటుంబాల నుంచి కౌన్సిలర్లు ఎప్పట్నుంచో ఉన్నారు. వాళ్లు ఒక్క రోజులో రాలేదు, ముందు పార్టీ సభ్యులయ్యారు, వానలో కరపత్రాలు పంచారు, గెలవలేని వార్డులో ఒకసారి నిలబడి ఓడారు, ఆ తర్వాత గెలిచే వార్డు దొరికింది. మన తెలుగు వాళ్లు ఉగాదికీ బతుకమ్మకీ హాలు నింపగలరు, అదే హాలు అద్దె ఎందుకు పెరిగిందో కౌన్సిల్ సమావేశంలో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. మీరు అడుగుతానంటున్నారు, నాకు నిజంగా సంతోషంగా ఉంది.

పెద్ద పార్టీలు అభ్యర్థుల్ని చాలా నెలల ముందే ఎంచుకుంటాయి. ఇప్పటికి ఆ జాబితా అయిపోయి ఉంటే స్వతంత్రంగా నిలబడే దారి ఉంది, కానీ గెలవాలని ఉంటే ఈసారి ఒక అభ్యర్థి వెంట తిరిగి పని నేర్చుకోవడం మంచిదని నా సలహా. మీ వార్డు కౌన్సిలర్లు జనాన్ని కలిసే రోజులు ఉంటాయి, వెళ్లి మాట్లాడండి. కౌన్సిల్ సమావేశాలు ఎవరైనా కూర్చుని చూడొచ్చు, ముఖ్యంగా ఫిబ్రవరి చివర్లో పెట్టే బడ్జెట్ సమావేశం వదలకండి. కౌన్సిలర్‌కి జీతం ఉండదు, కొంత అలవెన్స్ ఇస్తారు, సాయంత్రాలు చాలా పోతాయి, ఉద్యోగం ఉంటే ఆఫీసులో ముందే చెప్పుకోండి. నామినేషన్ పత్రాలు కౌన్సిల్ ఎన్నికల విభాగం దగ్గర ఉచితంగా ఇస్తారు, గడువు రోజు సాయంత్రం 4 గంటల లోపు చేతికి అందాలి.